పుట్టిలో ఆరుగురు, ఒక పొట్టేలు

గుండ్లరేవు, గద్వాల దగ్గర
డిసెంబరు

సత్తెమ్మకు జానకమ్మ నోటితో చెప్పి, వేలిముద్ర వేసి పంపేది:

నువ్వు బాగున్నావా అని అడగను. ఒడ్డెక్కి, చీర పిండుకుని, బస్సు పట్టుకుని శ్రీరంగాపూర్ చేరినదానివి, బాగానే ఉండి ఉంటావు. నేను బాగా లేను. నా మీద నేరం జరిగింది. దానికి సాక్షివి నువ్వొక్కదానివే. ఫోను చేద్దామంటే నీ చెవులు పనిచేయవు. నేనిక్కడ అరిస్తే వాడకట్టు మొత్తం వింటుంది, నువ్వు తప్ప. అందుకని కాగితం.

రాస్తున్నది నా కోడలు మాలతి. అది కూడా ముద్దాయే. కొడుకు హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయాడు, ఇంట్లో అక్షరం వచ్చిన మనిషి ఇదొక్కతే. కనుక ముద్దాయి చేతనే రాయిస్తున్నాను. నేను "చూసిండ్రు" అంటే ఇది "చూశారు" అని పెడుతోంది. కేసు కాగితం అట్లనే ఉండాలట. ఉండనీ.

సంగతి నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి చెబుతాను. పొలంలో బోరు పడితే జమ్ములమ్మకు పొట్టేలును ఇస్తానని మా పక్కింటి మల్లేశ్ మొక్కుకున్నాడు. బోరు పడింది. మంగళవారం పొట్టేలును తీసుకుని బయలుదేరాడు. ఆటోలో పోతే చుట్టు తిరుగుడని ఏరు దాటడానికి పుట్టి మాట్లాడాడు. పుట్టిలో ఎవరెవరం? తెడ్డు వేసే తిమ్మప్ప, మల్లేశ్, వాడి పెళ్లాం రుక్కమ్మ, నా కోడలు, గద్వాలలో బస్సు ఎక్కవలసిన నువ్వు, నేను. మనుషులం ఆరుగురం, మీదికి పొట్టేలు. పుట్టి అంటే ఏముంది, పెద్ద వెదురు తట్ట, దాని అడుగుకు తారు పూసిన పట్టా. ఏటి నడుమకు పోగానే పొట్టేలు గిట్టతో తన్నింది. పట్టా చిరిగింది. నీళ్లు లోపలికి వచ్చాయి. రుక్కమ్మ దోసిళ్లతో తోడింది, తోడిన నీళ్లు సగం నా ఒళ్లోనే పోసింది. అప్పుడు తిమ్మప్ప అన్నాడు:

"బరువు జాస్తి అయింది. ఒక్కరన్న తగ్గకుంటె అందరం పోతం."

అనగానే నలుగురూ నా దిక్కు చూశారు.

ఇదే నేరం. తిమ్మప్ప, మల్లేశ్, రుక్కమ్మ, మాలతి. నలుగురూ ఒక్కసారే. సంతలో ముదిరిపోయిన బెండకాయను పక్కకు తీసిపెట్టే ముందు చూస్తారే, అట్లా. తరవాత ఇసుక మేట తగిలింది, దిగి నడిచి ఒడ్డెక్కాం. అది వేరే సంగతి. ఇసుక తగలకపోతే?

నేనేమన్నా మూలకు పడి ఉన్న మనిషినా? పొద్దున బర్రె పాలు పిండేది నేను. కట్టెలు తెచ్చేది నేను. ఈ వాడలో తగాదా వస్తే ఎవరిది తప్పో చెప్పేది నేను. నన్ను తీసేస్తే ఈ ఊరికి మిగిలేది ఏముంది?

నువ్వు నా పక్కనే కూర్చున్నావు, నీ ముఖం నాకు కనపడలేదు. అందుకని నిన్ను ముద్దాయిల్లో కలపలేదు. ముందు ఎవరు చూశారు, ఎంతసేపు చూశారు, చూసి ఎవరు తల తిప్పుకున్నారు, అంతా రాసి పంపు.

(ఇది మాలతి సొంతంగా రాస్తోంది. సత్తెమ్మ పెద్దమ్మా, నేను చూసిన మాట నిజమే. ఎందుకు చూశానో చెప్పబోతే చెంబు విసురుతోంది. "ఏం రాస్తున్నవే అంతసేపు, నేను చెప్పింది రెండు మాటలే గద" అంటోంది. ముగిస్తున్నాను.)

జానకమ్మ వేలిముద్ర

*

శ్రీరంగాపూర్
డిసెంబరు చివర

జానకక్కకు సత్యమ్మ వందనాలు. ప్రభువు నీ కోపాన్ని చల్లార్చుగాక.

మా వీధికి చేతిరాత ఉత్తరం వచ్చి ఎన్నేండ్లయిందో. పోస్టాయన ఇచ్చి పోలేదు. గడప మీద కూర్చుని "జర గట్టిగ చదువమ్మ, నేను గూడ వింట" అన్నాడు. ముద్దాయి చేత రాయించావని చదివినప్పుడు ఆయన నవ్విన నవ్వు నాకు కూడా వినపడింది.

అక్కా, నేను సాక్ష్యానికి పనికిరాను. నీళ్లు రాగానే కళ్లు మూసుకుని ప్రార్థనలో పడ్డాను. ఎవరు ఎవరిని చూశారో నాకు తెలియదు. చూశారే అనుకో. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరి మనసులోనైనా లెక్క తిరుగుతుంది. ఒకరు పోతే ఐదుగురు ఒడ్డెక్కుతారు అని. లెక్క రావడం పాపమంటావా? నిన్ను ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు కదా.

నాకు అర్థం కానిది ఒకటే. పొట్టేలు ఉంది కదా. పట్టా చించింది అదే. ఎట్లాగూ మధ్యాహ్నానికి కూర అయ్యేది అదే. దాన్ని ఎందుకు ఏట్లోకి దించలేదు? మా చర్చిలో చెప్పే ఒక కథలో కొడుకును ఇయ్యబోతే కొడుకుకు బదులు పొట్టేలు వస్తుంది. మీ పుట్టిలో పొట్టేలుకు బదులు నువ్వు వచ్చావు. ఇది ఏ లెక్క?

మాలతి మంచి పిల్ల. ఈ కేసు వదిలెయ్యి. నీ మోకాళ్లకు ఆవనూనె రాసుకుంటున్నావా?

నీ చెల్లెలు
సత్యమ్మ

*

గుండ్లరేవు
జనవరి

సత్తెమ్మకు:

కళ్లు మూసుకున్నావా? తిమ్మప్ప చేతిలోంచి తెడ్డు జారిందని, ఎడమ చేత్తో మళ్లీ అందుకున్నాడని ఒడ్డెక్కినంక నువ్వే నాకు చెప్పావు. మూసుకున్న కళ్లకు తెడ్డు ఎట్లా కనిపించింది? నా మోకాళ్ల సంగతి నీకు వద్దు.

పొట్టేలు సంగతి అడిగావు. మంచి ప్రశ్న. నేను కూడా మల్లేశ్‌ను ఇంటికి పిలిచి అదే అడిగాను.

"పొట్టేలు అమ్మవారిది పెద్దమ్మ," అన్నాడు. "మొక్కినంక అది నాది గాదు. ఏట్ల ఏస్తె మొక్కు తప్పుతది, బోరు ఎండుతది."

"మరి నేనెవరిదాన్నిర?"

"నువ్వు మనదానివే గద."

"మనదాన్నయితె ఏట్ల ఏయొచ్చా?"

వాడు గోడ మీది క్యాలెండరు చూశాడు. చూశావా సత్తెమ్మా, మధ్యాహ్నం గొంతు కోయడానికి తీసుకుపోయే జీవానికి ఎంత మర్యాద. నేను కూడా జమ్ములమ్మకు మొక్కిన మనిషినైతే బతికిపోయేదాన్ని.

బరువే లెక్క అంటే, రుక్కమ్మ ఒక్కతి దిగితే మేం మిగిలిన ఐదుగురం, ఆ పొట్టేలు, దానికి తోడు ఇంకో పొట్టేలు హాయిగా పోవచ్చు. ఆ మాట దాని ముఖం మీదే అన్నాను. ఏడ్చింది. ఏడవనీ. నేను ఎండు కట్టె లెక్క ఉంటాను, నన్ను దించితే పుట్టికి తెలియను కూడా తెలియదు. అయినా అందరి కళ్లూ ఎండు కట్టె మీదికే పోయాయి. అంటే వాళ్లు చూసింది బరువు కాదు, వయసు.

గద్వాల పోయి పోలీసోళ్లకు చెప్పాను. ఎస్సై పిల్లగాడు మంచివాడే, కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు.

"అవ్వా, ఎవలన్న కొట్టిండ్రా?"

"లేదు."

"తిట్టిండ్రా?"

"లేదు."

"మరి ఏం జేసిండ్రు?"

"చూసిండ్రు."

కలం పక్కన పెట్టాడు. "చూసుడుకు సెక్షన్ లేదవ్వా," అన్నాడు. "లేకుంటె పెట్టు" అన్నాను. ఇంకో చాయ్ తెప్పించాడు, అంతే.

అందుకని నా పని నేనే చేసుకున్నాను. ఆనాడు తడిసిన బట్టలతో మల్లేశ్ గుడికి పోకుండానే వెనక్కి తిరిగాడు కనుక పొట్టేలు ఇంకా బతికే ఉంది. తీర్పు వచ్చేదాకా దాన్ని నా బర్రె పక్కన కట్టేశాను. ఇది కేసు సొత్తు. మల్లేశ్ రోజూ వచ్చి బతిమాలుతున్నాడు. బోరు నీళ్లు సన్నగిల్లుతున్నాయట, అమ్మవారు కోపగించిందట. నేను కూడా కోపగించానని చెప్పాను. ఇంట్లో వేరు పొయ్యి కూడా పెట్టాను. నన్ను చూసిన చేతి వంట నేను తినను.

(మాలతి: వేరు పొయ్యి పెట్టిన మాట నిజమే. అన్నం దాని మీద వండుకుంటోంది, కూర మాత్రం నా పొయ్యి మీదిది తీసుకుపోతోంది. పొట్టేలు నా చున్నీ సగం తినేసింది. కేసు సొత్తు కనుక కొట్టవద్దట. పెద్దమ్మా, తొందరగా ఏదో ఒకటి రాయి.)

జానకమ్మ వేలిముద్ర

*

నాగర్‌కర్నూల్
ఫిబ్రవరి

జానకక్కకు సత్యమ్మ వందనాలు.

చోటు మారింది చూశావా. నా కొడుకు చరణ్ వచ్చి తన దగ్గరికి తీసుకొచ్చాడు. ఇక్కడి దవాఖానలో నా చెవికి మిషను పెట్టించాడు. పెట్టుకున్న మొదటిరోజు ప్రెషరు కుక్కరు కూత వేస్తే మంచం ఎక్కి నిలబడ్డాను. ఇన్నేండ్లుగా లోకం ఇంత చప్పుడు చేస్తోందని నాకు తెలియదు. చరణ్ అన్నం తినేటప్పుడు బర్రె లెక్క నములుతాడని కూడా ఇప్పుడే తెలిసింది.

నీ కేసు ఇక్కడ మా ఇంట్లో కూడా నడుస్తోంది. రాత్రి అన్నం దగ్గర చరణ్ అన్నాడు:

"లెక్క సాఫ్ ఉందమ్మ. ఒక్కరు పోతె ఐదుగురు బతుకుతరు. ఐదు పెద్దదా, ఒకటి పెద్దదా?"

కోడలు రెబెకా చారు వడ్డిస్తూ, "అయితె ఆ ఒక్కరు నువ్వే దిగు" అంది.

"నేనెందుకు దిగుత? నేను పుట్టిల లేను గద."

"లేవు గనకనే గింత సాఫ్ చెప్తున్నవు."

చరణ్‌కు పొలమారింది. ఆ పిల్ల వీపు తట్టింది కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

అక్కా, నీకు ఒక సంగతి చెప్పాలి. కళ్లు మూసుకున్నానని అబద్ధం ఆడాను. ప్రార్థన చేసింది నిజం, కళ్లు తెరుచుకునే చేశాను. జరిగిందంతా చూశాను. విన్నాను కూడా. కానీ నేను చూసింది చెబితే నీ కేసు నిలబడదు, కూలిపోతుంది. నలుగురిలో నీకు నామోషీ అవుతుంది. అందుకే వదిలెయ్యమన్నాను. ఇప్పటికీ అదే అంటున్నాను. పొట్టేలును మల్లేశ్‌కు ఇచ్చెయ్యి, మాలతి వండింది తిను.

సత్యమ్మ

*

గుండ్లరేవు
ఫిబ్రవరి చివర

సత్తెమ్మకు:

నామోషీ నాకా? చూసినవాళ్లకా?

వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం బడి వరండాలో పంచాయితీ పెట్టించాను. పెద్దమనిషి జితేందర్. అతను ముందు నవ్వాడు, తరవాత నా ముఖం చూసి ఒప్పుకున్నాడు. తిమ్మప్ప, మల్లేశ్, రుక్కమ్మ, మాలతి, నలుగురూ వస్తారు.

నువ్వు రాలేకపోతే నువ్వు చూసింది రాసి పంపు. కవరు ముందే విప్పితే సాక్ష్యం చెల్లదని జితేందర్ అన్నాడు. కనుక నేను కూడా ముందు వినను. అందరి ముందు మాలతి చదువుతుంది. ఏముంటే అది రాయి. నా కేసు కూలుతుందా, నిలుస్తుందా అన్నది నీకు పట్టదు.

రాయకపోతే మన ఇద్దరికీ మాటలు లేవు. నాట్లకు కలిసి పోయింది లేదు, పూణేలో కలిసి మట్టి మోసింది లేదు. నువ్వు చచ్చిపోతే నేను రాను. నేను చచ్చిపోతే నువ్వు రావద్దు.

జానకమ్మ వేలిముద్ర

(మాలతి: వేలిముద్ర ఇంత గట్టిగా ఒత్తింది, కాగితం చినిగింది. ఈ మాటలు చెప్పినంక అత్తమ్మ కొట్టంలోకి పోయి చాలాసేపు పొట్టేలుతో మాట్లాడింది.)

*

నాగర్‌కర్నూల్
మార్చి

గుండ్లరేవు పంచాయితీ పెద్దలకు, అక్కడే కూర్చున్న జానకక్కకు సత్యమ్మ వందనాలు చేసి రాసే సాక్ష్యం.

చదువుతున్న మాలతికి ముందుగా ఒక మాట. ఎక్కడా ఆపకు. మీ అత్త చెంబు తీసినా ఆపకు.

పుట్టిలోకి నీళ్లు వచ్చాయి. తిమ్మప్ప పెదవులు కదిలాయి. ఏమన్నాడో నాకు అప్పుడు వినపడలేదు, అందరి ముఖాలు చూసి తెలుసుకున్నాను. అప్పటికి ఎవరూ జానకక్కను చూడలేదు. మల్లేశ్ పొట్టేలును చూస్తున్నాడు. రుక్కమ్మ నీళ్లను చూస్తోంది. మాలతి ఒడ్డు దిక్కు చూస్తోంది. తిమ్మప్ప తెడ్డు వేస్తున్నాడు. అప్పుడు అక్క నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా ఒక మాట చెప్పింది.

తాను గుసగుస అనుకుంది. చెవిటిదాన్నైన నాతో ఇన్నేండ్లు మాట్లాడి మాట్లాడి అక్క గుసగుస అంటే ఏమిటో మరిచిపోయింది. నాకే స్పష్టంగా వినపడిందంటే మీరే ఆలోచించండి. అవతలి ఒడ్డున బట్టలు ఉతికేవాళ్లు కూడా తల ఎత్తారు.

అక్క అన్న మాట ఇది: "సత్తెమ్మ, నేను దిగుత. ఎవలకు చెప్పకు. మాపటికి బర్రెకు కుడితి పెట్టుమని మాలతికి యాది జెయ్యి."

నలుగురూ అక్కను చూసింది అప్పుడు. అంతకు ముందు కాదు.

తరవాత అక్క ఏటికి దండం పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, చీర కుచ్చిళ్లు పట్టుకుని దిగింది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. పైన ప్రాజెక్టు గేట్లు మూశారేమో, మేం ఇసుక మేట మీదికి వచ్చామని తిమ్మప్పకు కూడా తెలియలేదు. అక్క కళ్లు తెరవలేదు. ఇంకా మునుగుతానని అట్లనే నిలబడి ఉంది. మల్లేశ్ అక్క మోకాళ్లు చూసి "ఆ, లోతు లేదు, దిగుండ్రి" అన్నాడు. అందరికన్నా ముందు పొట్టేలు దిగింది.

కనుక పెద్దలారా, చూశారన్న కేసు నిలవదు. అంత గట్టిగా అరిస్తే ఎవరైనా చూస్తారు.

కానీ ఇంకో కేసు ఉంది. తాను దిగిన సంగతి దాచుకుంది కనుక అక్క దాన్ని రాయించలేకపోయింది. నేను రాస్తాను. "నేను దిగుత" అన్న మాట మేము ఐదుగురం విన్నాం. ఒక్కరం కూడా ఒద్దు అనలేదు.

పూణేలో మట్టి పనికి పోయినప్పుడు గుంపుకు రొట్టెలు చాలకపోతే అక్క తన రొట్టె తుంచి పంచేది. పంచి, తొందరగా తినమని తిట్టేది. అప్పుడు కూడా మేమెవరం ఒద్దనేవాళ్లం కాదు. మాకు అలవాటైపోయింది.

నేను అక్క కొంగు పట్టుకోవచ్చు. చెయ్యి చాపితే అందేది. పట్టుకోలేదు. "ప్రభువా, పొట్టేలును తీసుకో" అని ప్రార్థన చేశాను. ప్రభువు తీసుకోలేదు. అది జమ్ములమ్మదని ఆయనకు కూడా తెలుసేమో.

ముద్దాయిలు నలుగురు కాదు, ఐదుగురు. ఐదోదాన్ని నేను.

సత్యమ్మ

*

గుండ్లరేవు
మార్చి చివర

ఐదో ముద్దాయి సత్తెమ్మకు:

నీ కాగితం చదివారు. మోకాళ్ల దాకా అన్న ముక్క రాగానే బడి వరండా అంతా నవ్వింది. జితేందర్ కండువా నోట్లో కుక్కుకున్నాడు. నేను చెంబు తీశాను. మాలతి ఆపలేదు, నువ్వు చెప్పినట్టే.

దిగిన సంగతి ఎందుకు దాచానంటే ఏం చెప్పను. చావడానికని దిగి మోకాళ్ల లోతులో నిలబడిన మనిషి ఏ ముఖం పెట్టుకుని చెప్పుకుంటుంది? మీరందరూ నన్ను లోతు చూసే కట్టెను చేసుకుని దిగారు. గుసగుస సంగతి మాత్రం నేను ఒప్పుకోను. నేను మెల్లగానే చెప్పాను.

ఒద్దనలేదు అన్న దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. జితేందర్ ఒక్కొక్కరినీ లేపి అడిగాడు, ఎందుకు అనలేదని.

రుక్కమ్మ, "నోరు ఎండిపోయిందన్న, మాట రాలె" అంది.

మల్లేశ్ నిజం చెప్పాడు. "ఒద్దంటె, అయితె పొట్టేలును దించు అంటదేమోనని ఊకున్న."

తిమ్మప్ప నిలబడి తలపాగా తీశాడు. "నేను పుట్టి నడిపెటోన్ని. దిగుమంటె అవ్వను ముంచినోన్ని అయిత. ఒద్దంటె అందర్ని ముంచినోన్ని అయిత. ఏం అనాల్నో నాకు ఇప్పటికి గూడ తెల్వదు." నలుగురిలో వీడి మాటే నాకు నచ్చింది. వాడికి ముప్పాతిక శిక్ష తగ్గించాను.

మాలతి వంతు వచ్చింది. "నీ చెయ్యి పట్టుకుందామని చెయ్యి లేపిన అత్తమ్మా," అంది. "లేపిన చెయ్యి పోయి పుట్టి అంచును పట్టుకుంది." ఇది రాసే దగ్గర దాని కలం ఆగింది. రాయమన్నాను. రాస్తోంది.

నేను ఏమన్నానో విను. మన ఇండ్లలో చుట్టానికి ఇంకో ముద్ద వడ్డించబోతే రెండుసార్లు ఒద్దంటాడు. ఆకలి ఉన్నా అంటాడు. అది మర్యాద. ముద్దకు రెండుసార్లు ఒద్దన్న నోరు ప్రాణానికి ఒక్కసారి అనలేదా? దిగుతానన్నది నేనే. నన్ను ఎవరూ దించలేదు, ఒప్పుకుంటాను. కానీ నేను ఇట్లా చాపగానే మీరు అట్లా అందుకున్నారు.

జితేందర్ తీర్పు చెప్పాడు. బాకీ పడిన ఒద్దు ఇప్పుడన్నా అనమన్నాడు. ఒక్కొక్కరు నా ముందుకు వచ్చి అన్నారు. రుక్కమ్మ గట్టిగా అంది. మల్లేశ్ రెండుసార్లు అన్నాడు, పొట్టేలు కోసం. మాలతి అనబోయి ఏడ్చింది. నేను తిట్టాను. అప్పుడు అంది. వేరు పొయ్యి తీసేశాను, ఊరికే కట్టెలు దండుగ.

మరునాడు మల్లేశ్ పొట్టేలును తోలుకుపోవడానికి వచ్చాడు. పలుపు విప్పుతుంటే అది నా దిక్కు చూసింది. నేను "ఒద్దురా మల్లేశ్" అన్నాను. వాడు ఆగాడు. "ఒద్దు" అని ఇంకోసారి అన్నాను. "అమ్మవారి మొక్కు పెద్దమ్మ" అన్నాడు. సరే, తీసుకుపొమ్మన్నాను. దానికోసం ఒకరన్నా అనాలి కదా. సాయంత్రం కూర పంపాడు. ముక్క మంచిగా ఉడికింది. కొట్టం దిక్కు ఒకసారి చూసి, తిన్నాను.

నీ ఒద్దు ఇంకా రాలేదు. రాసి పంపు.

జానకమ్మ వేలిముద్ర

*

శ్రీరంగాపూర్
ఏప్రిల్

జానకక్కకు సత్యమ్మ వందనాలు.

రాసి పంపను. ఒడ్డు మీద మంచం వేసుకుని ఒద్దు అని రాయడం ఎవరికైనా వస్తుంది. ఈ వారం గద్వాల బస్సు ఎక్కుతాను. తిమ్మప్పకు చెప్పి పుట్టి అవతలి రేవుకు పంపించు. నువ్వు కూడా అందులో కూర్చుని రా. ఏటి నడుమకు వచ్చినంక చెబుతాను.

తిమ్మప్ప పట్టా కొత్తది వేశాడా, లేదా? వేయకపోతే వేయించి పంపు. నా పశ్చాత్తాపం నిజమే కానీ నాకు ఈత రాదు.

నీ చెల్లెలు
సత్యమ్మ

*

గుండ్లరేవు
మే

సత్తెమ్మకు:

క్షేమంగా చేరావని తెలిసింది. నువ్వు మరిచిపోయిన కళ్లద్దాలు మాలతి దాచింది.

ఆనాటి ప్రయాణం తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తోంది. చుక్క నీరు రాలేదు. అయినా నడుమకు పోగానే నువ్వు నా కొంగు రెండు చేతులతో పట్టుకుని "ఒద్దక్కా" అన్నావు. దానికి ముందే నేను నీ చెవిలో ఒక మాట చెప్పబోతే "గట్ల ఒర్లకు అక్కా, చెవుల మిషను ఉంది" అని ఎగిరిపడ్డావు. పుట్టి ఊగింది. తిమ్మప్ప భయపడి తాను కూడా "ఒద్దవ్వా, ఒద్దవ్వా" అన్నాడు. నేను కాలు తిమ్మిరెక్కి జరిగితే ఒద్దు. సంచిలోంచి ఆకువక్క తీస్తే ఒద్దు. ఒడ్డు వచ్చినంక దిగబోతే కూడా ఒద్దన్నారు. ఇంక చాలు. నీ బాకీ తీరింది.

నువ్వు పోయినంక మాలతి ఒక మాట అడిగింది. బర్రెకు కుడితి కలుపుతూ అడిగింది, నా ముఖం చూడకుండా.

"అత్తమ్మా, నిజంగ మునిగే రోజు వస్తె ఎట్ల? అందరం ఒద్దు ఒద్దనుకుంట కూసుంటె అందరం పోతం గద."

ఆ రోజంతా ఆలోచించాను. మాలతికి, మల్లేశ్‌కు చిన్న పిల్లలున్నారు. తిమ్మప్ప లేకుంటే తెడ్డు వేసేవాడు లేడు. రుక్కమ్మను దించడం మన వల్ల కాదు. నువ్వు ఈత రానిదానివి, పైగా కొత్త చెవులు పెట్టించుకున్నదానివి. ఎటు తిప్పి చూసినా నేనే వస్తున్నాను. సరే. మాలతిని పిలిచి చెప్పాను, నీకు కూడా రాయమన్నాను, అందరూ యాదిలో పెట్టుకోవాలి.

దిగేది నేనే. ఒద్దనేది మీరు. రెండుసార్లు అనాలి, రెండోసారి జర గట్టిగా అనాలి. మూడోసారి మాత్రం అనకండి, పుట్టి మునుగుతుంది.

జానకమ్మ వేలిముద్ర